ఎడమచేతి సాన

ఇస్తరవ్‌షాన్
6 సెప్టెంబర్ 1998

సోజిదా అత్తయ్యకి రుఖ్సోరా సలాములు.

నువ్వు పంపిన ఎండు పెరుగుండలు అందాయి. దారిలో సగం లారీ డ్రైవరే తిన్నాడు. ఆ సంగతి దాచలేదు కూడా. "మీ అత్త చేతి ఉప్పు బాగుందమ్మాయ్" అని నాకే చెప్పి మూతి తుడుచుకున్నాడు.

ఈ కమ్మరి కొట్ల వరసకి వచ్చి మూడు నెలలైంది. నాన్న నేర్చుకున్న కొట్లోనే, నాన్న కూర్చున్న పీట మీదే కూర్చుంటున్నాను. నాన్న గురువు ఉస్తో తోలిబ్ ముసలాయన అయిపోయాడు కానీ చెవులు మాత్రం చురుకు. రాయి మీద నా కత్తి వంకరగా నడిస్తే వీధి అవతల నుంచి కేకేస్తాడు. ఇక్కడ ఒక్కరి దగ్గరే అంతా నేర్చుకోవడం లేదు. వరస మొత్తం కలిసి నేర్పుతుంది. సానచక్రం ఉస్తో దగ్గర, కత్తెరలు ఎదురుకొట్టు అన్నదమ్ముల దగ్గర, మంగలికత్తి తోలు మీద తిప్పడం మూలనున్న గుడ్డి ఉస్తో దగ్గర. ఆయన వాదరని గోటి మీద ఆనించి, చప్పుడు విని, "ఇంకా నిద్రలేవలేదు, మళ్ళీ పట్టు" అంటాడు. చివరికి పెద్దలంతా కూర్చుని నడుముకి పట్టీ కడితేనే పనివాళ్ళలో లెక్క. ఆడదానికి ఇంతవరకు కట్టలేదట. కసాయి ఒకాయన నా ముందే అన్నాడు, "ఆడపిల్ల సాన పట్టిన కత్తి చూస్తే గొర్రె నవ్వుతుంది" అని. "నవ్వనీ, అదే దాని ఆఖరి నవ్వు" అన్నాడు ఉస్తో.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకు తెలుసు. అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు.

మంగళవారం పైకొండల నుంచి ఒక గొర్రెలకాపరి కత్తి తెచ్చాడు. రాయి మీద పెట్టబోయి ఆగిపోయాను. వాదర మీద గీతలన్నీ మిగతా కత్తులకి అడ్డంగా, ఎదురు వాలులో ఉన్నాయి. పిడి దగ్గర బియ్యపుగింజంత మేర సాన తగలకుండా వదిలేసి ఉంది. ఎడమచేత్తో సాన పట్టి, అక్కడ ఒక గింజంత వదిలేసే మనిషిని నాన్నని తప్ప ఇంకొకర్ని చూడలేదు. పదిహేనేళ్ళ పాటు పక్కన కూర్చుని చూశాను. ఉస్తో కత్తి తీసుకుని వెలుగుకి పెట్టి చూసి, ఆ గింజంత చోటు మీద బొటనవేలు రాసి, నాకు తిరిగిచ్చేశాడు.

పైకొండల్లో సాన పట్టి వస్తానని నాన్న వెళ్ళింది తొంభైరెండు నవంబరులో. అంతర్యుద్ధంలో దారులు మూసుకుపోయాయి. ఫిబ్రవరిలో వంతెన కింద దొరికిన శవాన్ని నాన్నేనని నువ్వు పూడ్పించావు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. అత్తయ్యా, అడగకూడదు కానీ అడుగుతున్నాను. ముఖం చూశావా?

నీ
రుఖ్సోరా

తూత్‌జోర్
25 సెప్టెంబర్ 1998

తల్లిలేని పిల్లవని ముద్దుచేసి నేనే చెడగొట్టిన రుఖ్సోరాకి,

ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. పక్కింటి మస్తూరా చూస్తే ఊరంతా చెబుతుంది.

నది నీళ్ళలో రోజుల తరబడి నానిన మనిషికి ముఖం ఉంటుందే? అంగీ చూశాను. నీలం చారల దూది అంగీ, నా చేతులతో కుట్టింది. చంకలో దారం చాలక ఎర్రదారం వేశాను. ఆ ఎర్రదారం అలాగే ఉంది. ఇంకేం కావాలి నీకు?

చచ్చినవాళ్ళు సాన పట్టరు. పాత పదును పాత కత్తి మీద నిలిచి ఉంటుంది, అంతే. కాపరి కత్తి తాతల నాటిది అయి ఉంటుంది, వాడు వాడకుండా దాచుకుని ఉంటాడు. నువ్వేమో దానికి ప్రాణం పోస్తున్నావు. పోయినవాణ్ణి పదేపదే పిలవకు. వస్తే ఏం చేస్తావు? ఏ ముఖంతో ఎదురొస్తావు?

ఆవు ఈనింది. పెయ్యదూడ. నుదుటి మీద మచ్చ. ఈ ఏడు వాల్‌నట్లు పుచ్చిపోయాయి. నీకు ఊలు మేజోళ్ళు అల్లాను, ఈసారి ఆ తిండిపోతు చేతికి కాకుండా ఇంకొకడి చేతికి ఇస్తున్నాను. పని నేర్చుకో. నువ్వు వెళ్ళింది అందుకు.

ఆ మాట మళ్ళీ అడగకు.

మీ అత్త

ఇస్తరవ్‌షాన్
18 అక్టోబర్ 1998

అత్తయ్యా,

మేజోళ్ళు సరిపోయాయి. నీ కోపం మాత్రం నాకు సరిపోలేదు.

ఆ కత్తి తాతల నాటిది కాదు. ఉస్తో తమ్ముడు కొట్టిన కత్తి అది. ఆయన ముద్ర నెలవంక, పక్కన మూడు చుక్కలు. మూడో చుక్క వేయడం మొదలుపెట్టింది నిరుడు చలికాలం మూడో మనవడు పుట్టాక. అంటే ఆ కత్తికి ఏడాది కూడా నిండలేదు. దాని మీద నాన్న చెయ్యి ఉంది.

నేను ఊరుకోలేదు. ఆ కొండల నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ప్రతివాడినీ కత్తి చూపించమన్నాను. మరో రెండు కత్తులు, ఒక బొచ్చుకత్తెర దొరికాయి. అన్నిటి మీదా అదే వాలు, అదే బియ్యపుగింజ. "ఎవరు పట్టారు?" అంటే ఒక ముసలి కాపరి చెప్పాడు. "హఫ్త్‌చష్మా ఊళ్ళో ఒకడున్నాడు. ఎడమచేత్తో పడతాడు. మనిషి మంచోడే, మాటే తక్కువ. మేమంతా ఉస్తో అంటాం, పేరెవడికి తెలుసు!"

వెళతానన్నాను. "రెండు వారాల్లో మంచు పడుతుంది. నీ శవాన్ని వెతకడానికి నా దగ్గర మనుషుల్లేరు" అన్నాడు ఉస్తో. ఆ ముసలి కాపరితో కబురు పంపాడు, సాన పట్టే ఆ మనిషిని ఒకసారి వరసకి రమ్మని.

నువ్వు సంతోషిస్తావనుకున్నాను. ఒకటి చెప్పనా? నీకు తమ్ముడు లేకపోవడమే అలవాటైపోయింది. సమాధి ఊడవడం, శుక్రవారం రొట్టెలు పంచడం. అవి పోతే ఏం చేయాలో నీకు తెలియదు.

రాశాక మళ్ళీ చదువుకున్నాను. అయినా కొట్టెయ్యను.

రుఖ్సోరా

తూత్‌జోర్
9 నవంబర్ 1998

రుఖ్సోరా,

ఇది ఈ ఏటి ఆఖరి లారీ. అందుకని ఇవాళే చెప్పాలి, లేకపోతే వసంతం దాకా మోయాలి. ఆరేళ్ళు మోశాను, ఇంక నా వల్ల కాదు.

ఆ రోజు ఊళ్ళో మగవాళ్ళు లేరు. అందరూ పారిపోయారు, లేదా పట్టుకుపోయారు. శవాన్ని కడగడానికి కుంటి ముల్లా ఒక్కడే మిగిలాడు. నేను తల తిప్పుకుని నీళ్ళు అందించాను. చెంబు జారింది. వంగి తీస్తుంటే కాళ్ళు కనిపించాయి.

ఎడమకాలికి చిటికెనవేలు లేదు. నిన్నమొన్న పోయింది కాదు. చిన్నప్పుడెప్పుడో పోయి, నున్నగా మానిపోయిన చోటు. మీ నాన్నకి పదివేళ్ళూ నేను లెక్కపెట్టినవే. వాణ్ణి వీపు మీద మోసి పెంచాను.

ముల్లా అడిగాడు, "సోజిదా, అంగీ మీ నియోజ్‌దేనా?" "అవును" అన్నాను. "మనిషి మీ నియోజేనా?" అన్నాడు. లోపల మీ నాయనమ్మ మంచం మీద ఉంది. నాలుగు రోజులుగా నీళ్ళు తప్ప ఏమీ దిగడం లేదు. "నా కొడుకు దొరికాడా, మట్టి దొరికిందా?" అని ఒకటే మాట. "అవును" అన్నాను. ఆమె ఆ సాయంత్రమే కన్నుమూసింది. నిశ్చింతగా పోయింది.

ఆ తర్వాత ఎవరితో చెప్పను? ఎలా చెప్పను? ప్రతి శుక్రవారం పేరు తెలియనివాడి దగ్గర కూర్చుని "తమ్ముడా" అన్నాను. పైనుంచి ఏ మనిషి దిగి వస్తున్నా నడక చూశాను. నువ్వు ముఖం చూశావా అని అడిగితే అందుకే తిట్టాను.

నీ మాటే నిజం. వాడు బతికే ఉన్నాడు. బతికి ఉన్నాడు కాబట్టే సాన పడుతున్నాడు. రానందుకు ఏదో కారణం ఉండే ఉంటుంది, దెబ్బ తగిలి మతి పోయిందేమో, మనమంతా చచ్చామనుకున్నాడేమో. వాణ్ణి పట్టుకుని రా తల్లీ. పెద్దగదికి సున్నం వేయిస్తాను.

నన్ను ఏమైనా అను. వాణ్ణి మాత్రం తీసుకురా.

అత్త

తూత్‌జోర్
14 మార్చి 1999

నా బంగారానికి,

కనుమలు తెరవలేదు కానీ మస్తూరా అల్లుడు రాజధానిలో విమానం ఎక్కి అటు వస్తున్నాడట. అతని చేతికి ఇస్తున్నాను. వారం తర్వాత తిరిగి వస్తాడు, జవాబు అతనికే ఇవ్వు. నువ్వు ఎన్ని ఉత్తరాలు రాసి పెట్టుకున్నావో పాపం! నాన్న పక్కన కూర్చుని రాస్తున్నావేమో. వాడి చేత నాలుగు ముక్కలు రాయించు. రాత ఎలాగూ కాకి గీతలే, అయినా పోల్చుకుంటాను.

గదికి సున్నం వేయించాను. కొత్త బొంత కుట్టాను. రహస్యం దాచలేకపోయాను. ముల్లా దగ్గర తప్పు ఒప్పుకున్నాను, ఆయన "దేవుడు క్షమించేవాడు, నేను కుంటివాణ్ణి, నా వల్ల ఏమవుతుంది" అన్నాడు. ఊరంతా వచ్చి శుభం పలికింది. పెద్ద గుండిగలో పులావు వండించాను.

ఒక్క సంగతి మాత్రం మనసుకి బాగాలేదు. ఆ సమాధిలో ఉన్నది నియోజ్ కాదని తెలిశాక కుర్రకారు వెళ్ళి రాయి పీకేశారు. "తుపాకులవాడై ఉంటాడు, మన మట్టిలో వాడికెందుకు చోటు" అన్నారు. నేను అడ్డం వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి చూశాను. ఆరేళ్ళు నేను ఊడ్చిన చోటు అది.

పోనీలే. వాడు వచ్చాక అన్నీ సర్దుకుంటాయి. మీ నాన్నకి గుమ్మడికాయ సంబూసాలు ఇష్టం కదా, కాయ ఒకటి మట్టిలో దాచి ఉంచాను.

మీ అత్త

ఇస్తరవ్‌షాన్
22 మార్చి 1999

అత్తయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన ఎవరినీ ఉండనివ్వకు.

చలికాలమంతా నీకు ఉత్తరాలు రాసి చింపేశాను. మస్తూరా అల్లుడు బయట నిలబడి ఉన్నాడు, ఇక చింపడానికి లేదు. ఎంత మెల్లగా చెప్పాలా అని ఉస్తోని అడిగాను. "మొద్దు కత్తితో కోస్తేనే ఎక్కువ నొప్పి అమ్మాయ్" అన్నాడు. అందుకని చెప్పేస్తున్నాను. నాన్న లేడు. తొంభైనాలుగు జనవరిలో హఫ్త్‌చష్మాలో ఊపిరితిత్తులకి జబ్బు చేసి పోయాడు.

నవంబరు మధ్యలో, పైకొండల దారి మూసుకుపోయే ముందు రోజు, ఉస్తో కబురు అందుకుని సాన పట్టే మనిషి వచ్చాడు. పేరు సఫర్. ముప్పై ఏళ్ళుంటాయి. గుమ్మంలో నిలబడ్డవాణ్ణి చూసి నేను అతని వెనక వెతికాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. ఉస్తో అతనికి ఒక కత్తి ఇచ్చాడు. అతను రొట్టె కుడిచేత్తో తిన్నాడు, టీ కుడిచేత్తో తాగాడు, కత్తి మాత్రం ఎడమచేతిలోకి తీసుకున్నాడు.

"ఎడమచేతివాటమా?" అని అడిగాడు ఉస్తో.

"కాదు. నాకు నేర్పినాయన ఇట్టాగే పట్టేవాడు. సాన అంటే ఇట్టాగే పట్టాలనుకున్నా."

నేను లేచి నాన్న పేరు చెప్పాను. అతని చేతిలో కత్తి రాయి మీదే ఉండిపోయింది.

తుపాకులవాళ్ళు నాన్నని దారిలో పట్టుకున్నారు. పనిముట్లు చూసి చంపలేదు. కొట్టంలో పెట్టి గొళ్ళెం వేశారు, కత్తులకీ గొడ్డళ్ళకీ సాన పట్టించుకున్నారు. కాపలా సఫర్. ఊరికే కూర్చోలేక పని నేర్పమన్నాడట. నాన్న నేర్పాడు. నువ్వు కుట్టిన అంగీని సఫర్ అన్న ఖోలిక్ లాక్కుని తొడుక్కుని కింది లోయకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. వంతెన కింద నువ్వు చూసింది అతన్నే అనుకుంటున్నాను. సఫర్‌కి నేనింకా ఏమీ చెప్పలేదు. ముందు నిన్ను అడగాలి.

తేదీలు నువ్వే లెక్కవేసుకుంటావని తెలుసు, అందుకే దాచను. నువ్వు ఊళ్ళో జనాజా నమాజు చేయించి పూడ్పించిన రోజున నాన్న కొండల్లో బతికే ఉన్నాడు. ఇంకో పదకొండు నెలలు ఉన్నాడు. అత్తయ్యా, ఆ చలికాలం మన ఊళ్ళో వెతకడానికి ఒక్క మగవాడు లేడు. నువ్వే రాశావు. ఆ మాట గట్టిగా పట్టుకో.

సఫర్ ఏమీ దాచలేదు. "గొళ్ళెం నా చేతిలోనే ఉండేది. రోజూ తీసేవాణ్ణి, అన్నం పెట్టేవాణ్ణి, మళ్ళీ వేసేవాణ్ణి. ఒక్కరోజు వెయ్యకుండా ఉంటే అయిపోయేది" అన్నాడు. నాన్న ఎప్పుడూ తలుపు తియ్యమని అడగలేదట. "అడిగుంటే తీసేవాడివా?" అన్నాను. "అదే ఇన్నేళ్ళూ ఆలోచిస్తున్నా, తెలీడం లేదు" అన్నాడు.

ఉస్తో వరస పెద్దల్ని కూర్చోబెట్టాడు. మంచు పడి కొండకి పోలేని మనిషిని బయటికి తోలాలా, ఉంచాలా, మాట నాదే అన్నారు. తోలమనే అనబోయాను. నోటిదాకా వచ్చింది. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడే కానీ రాయి ముట్టనివ్వలేదు, ఆడపిల్లకెందుకని. ఆయనకి తెలిసిందంతా ఈ మనిషి దగ్గరుంది, ఇంకెక్కడా లేదు. "ఉండనివ్వండి, నాకు నేర్పాలి" అన్నాను.

నాలుగు నెలలు ఎదురెదురు పీటల మీద కూర్చున్నాం. పని మాట తప్ప వేరే మాట లేదు. "మణికట్టు వదులు చెయ్. ఆయన అట్టాగే అనేవాడు." ఒక్కోసారి గొంతు కూడా నాన్నదే వచ్చేది, ఆ విసుగూ ఆ దగ్గూ. నేను లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. పోయినవారం పెద్దలు నా నడుముకి పట్టీ కట్టారు. గుడ్డి ఉస్తో నా కత్తి గోటి మీద ఆనించి, "నియోజ్ వచ్చాడా?" అని అడిగాడు.

కనుమ తెరిస్తే సఫర్ నీ దగ్గరికి వస్తానంటున్నాడు, నాన్న సంగతి తన నోటితో చెప్పడానికి. రావద్దంటే రాడు.

నీ రుఖ్సోరా

తూత్‌జోర్
20 ఏప్రిల్ 1999

రుఖ్సోరా,

రానివ్వు. మొదట అతన్ని ఒక మాట అడుగుతాను. తప్పు చెబితే గుమ్మంలోంచే పంపేస్తాను.

సున్నం వేసిన గదిలో నేనే పడుకుంటున్నాను.

సోజిదా

తూత్‌జోర్
17 జూన్ 1999

రుఖ్సోరా తల్లికి,

వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు. ఊరంతా గోడల మీంచి చూస్తోంది. సలాము కూడా తీసుకోకుండా అడిగాను.

"మీ అన్న కాళ్ళు ఎట్టా ఉండేవి?"

తెల్లబోయాడు. "ఎడమకాలు చిటికెనవేలు లేదమ్మా. అన్నకి పన్నెండేళ్ళప్పుడు మంచు కొరికింది. నన్ను వీపు మీద మోసుకొచ్చాడు, ఆరోజే పోయింది. ఎందుకు?"

గేటు తీశాను. నేరుగా కొండవాలుకి తీసుకెళ్ళాను. రాయి పీకేసిన చోటు చూపించి, "ఇక్కడున్నాడు. ఆరేళ్ళు నా తమ్ముడని ఊడ్చాను. రాయి తీసింది మావాళ్ళే. నేను చూస్తూ ఊరుకున్నాను" అన్నాను. అతను కూలబడిపోయాడు. మట్టిలో చెయ్యి పెట్టి, పసిపిల్లవాడి పొట్ట నిమిరినట్టు నిమిరాడు. ఆ అంగీ తొడుక్కుని పోయినవాడి మీద నాకు కోపం రావాలి. అది లేకే నా తమ్ముడు చలికి జబ్బుపడి చచ్చాడు కదా. రాలేదు. తమ్ముణ్ణి మంచులో మోసుకొచ్చినవాడు, అన్నది ఒక్కటే బుర్రలో ఉండిపోయింది.

అన్నని తమ ఊరు తీసుకెళతానంటాడేమో అనుకున్నాను. అనలేదు. వాళ్ళమ్మ మీ నాన్న సమాధి దగ్గర ప్రతి శుక్రవారం రొట్టె పెడుతుందట. "ఆయన్ని అక్కడే ఉండనివ్వండమ్మా. మాకూ అలవాటైపోయాడు" అన్నాడు. సరేనన్నాను. ఇద్దరం కలిసి రాయి మళ్ళీ నిలబెట్టాం. ఇద్దరి చేతుల్లో అంత రాయి ఆగలేదు, మూడుసార్లు పడింది. రాయి పీకినవాళ్ళలో ఒకడు గోడ దూకి వచ్చి పట్టాడు. దాని మీద ఏ పేరూ లేదు. ఉస్తో తమ్ముణ్ణి అడిగి ఖోలిక్ అని చెక్కడానికి ఒక ఉలి పంపించు.

తేదీలు లెక్కపెట్టాను. పదకొండు నెలలు. నువ్వు చెప్పిన మాట గట్టిగా పట్టుకుంటున్నాను, అయినా జారిపోతోంది. ఆ రోజు "కాదు" అని ఉంటే ఆడవాళ్ళమైనా వెళ్ళేవాళ్ళం. నేను వెళ్ళేదాన్ని. సఫర్ గొళ్ళెం వేశాడు, నేను మట్టి వేశాను. ఈ మాట అతనితోనే అన్నాను, ఇంకెవరితో అంటాను? అతను నా టీ గిన్నెలో రొట్టె తుంచి వేశాడు.

తిన్నాక వెళ్ళడానికి లేచాడు. ఏదో అడగాలి, వెళ్ళనివ్వకూడదు, ఏం అడగాలో తోచలేదు. పొయ్యి దగ్గర కత్తి కనిపించింది. "ఇది మొద్దుబారింది" అన్నాను. మూటలోంచి రాయి తీసి, నీళ్ళు చల్లి, గుమ్మంలో కూర్చున్నాడు. నేను అతని ముఖం చూడలేదు. ముఖం కనిపించకుండా వెనక్కి జరిగి, స్తంభం అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఎడమచెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. ముందుకి తోసి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా లాక్కోవడం. ఆ ఆగడం నీకు తెలుసు కదా. అలా ఆగడం నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. తమ్ముడు ఇంట్లో ఉన్నాడు తల్లీ. ఇంటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

ఆ కత్తి అయిపోయింది. ఇంకోటి ఇచ్చాను. కత్తెర ఇచ్చాను, కొడవలి ఇచ్చాను. ఇంట్లో ఇనుమంతా అయిపోయాక, "ఉండు బాబూ, వెళ్ళకు" అని చెప్పి మస్తూరా ఇంటికి పరిగెత్తి వాళ్ళ కత్తులు తెచ్చాను. ఆ పక్కింటికి, ఆపై ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి జనం పిచ్చి అనుకుని ఉంటారు. అయినా ఇచ్చారు. కుంటి ముల్లా తన మంగలికత్తి తనే మోసుకుంటూ వచ్చాడు. సఫర్ ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. తల ఎత్తకుండా సాన పట్టాడు.

పొద్దు వాలేసరికి తూత్‌జోర్‌లో మొద్దు కత్తి ఒక్కటి కూడా మిగల్లేదు.

మీ అత్త
సోజిదా